"ఏం లేదులే" అనకండి, మళ్లీ చెప్పండి

ఇంట్లో చెవుడొచ్చిన పెద్దవాళ్లు "ఏమంటున్నారే?" అని అడిగితే "ఏం లేదులే" అని దాటేస్తుంటాం కదా. నలుగురి మధ్యా ఉండి కూడా వాళ్లు ఒంటరైపోయేది అక్కడే. నాకు మహా బాధగా ఉంటుంది, అందుకే ఈ ముచ్చట.

వినికిడి మిషనుతోనూ మాట తెలియనంతగా చెవుడు ముదిరితే కాక్లియర్ ఇంప్లాంటు పెడతారు. అది పసిపిల్లలకేనని చాలామంది అనుకుంటారు. కాదమ్మా, ఆపరేషన్ తట్టుకునే ఆరోగ్యం ఉంటే డెబ్బై దాటినవాళ్లకూ పెడుతున్నారు. లోచెవిలో అమర్చిన సన్నటి తీగ వినికిడి నరానికి నేరుగా సంకేతాలు పంపుతుంది. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్‌ని మాత్రం కుట్లు మానాక, కొన్ని వారాలకు ఆన్ చేస్తారు. ఆ రోజే అన్నీ వినబడిపోతాయని మనం ఆశపడతాం. కానీ ఇంప్లాంటు పెట్టించుకున్న మా పెద్దమ్మకి ఆ రోజు అందరి గొంతులూ కీచుకీచుమంటూ రోబో మాట్లాడినట్టు వినిపించాయి. "ఇందుకా ఇన్ని లక్షలు పోశారు?" అని మొహం చిన్నబుచ్చుకుంది. మిషన్ బాగానే ఉంది. ఆ కొత్త చప్పుళ్లలో మాటల్ని పోల్చుకోవడం మెదడుకి అలవాటు కావాలి, దానికి నెలల తరబడి సాధన కావాలి.

మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ కాకినాడ నుంచి హైదరాబాదు ఆస్పత్రికి ఎన్నిసార్లని తిరుగుతుంది? అందుకే అక్కడి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణురాలు) అమ్మాయి వీడియో కాల్‌లోనే సాధన చేయిస్తోంది. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని "మాట, పాట, బాట" అంటుంది. కాగితం లేకపోయినా ఈ మూడింటికీ పెదాలు ఒక్కలాగే కలుస్తాయి, చూసి చెప్పడం కుదరదు. పెద్దమ్మ చెవులు రిక్కించి, "పాట... ఉండమ్మా, బాట!" అంటుంది. సరైందని ఆ అమ్మాయి బొటనవేలు చూపించగానే పెద్దమ్మ మొహం చూడాలి!

కాల్ లేని మిగతా రోజుల పని మనదే. మనవల పేర్లు, కూరగాయల పేర్లతో మొదలుపెట్టండి. తర్వాత పేపర్లోంచి ఒక్కో వాక్యం చదివి, తిరిగి చెప్పించండి. ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, అలవాటయ్యాక ఫ్యాను వేసి. ఇంగ్లీషు యాప్‌లు అంటగట్టకండి, వాళ్ల యాసలో మాట్లాడే మనిషే కావాలి.

ప్రాసెసర్‌లో శబ్దాల మోతాదు సరిచేసే మ్యాపింగ్ కూడా కొన్ని ఇంప్లాంట్లకి దూరం నుంచే చేయొచ్చు. అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ఒక రకానికి అనుమతిచ్చింది. మీరు తీసుకునేదానికి ఆ వీలుందో లేదో కొనేముందే అడగండి. తలకి ప్రాసెసర్ భాగం అయస్కాంతంతో అంటుకునే చోట ఎర్రబడినా, వాచినా, ఉన్నట్టుండి వినబడటం మానేసినా మాత్రం వీడియో కాల్‌తో సరిపెట్టకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పెళ్లిళ్ల గోలలో పెద్దమ్మకి ఇప్పటికీ కష్టమే. ఏ మాటని ఏ మాటగా విందో ఒక నోటుబుక్కులో రాసిపెడుతున్నాం. తర్వాతి కాల్‌లో ఆడియాలజిస్టు మొదట అడిగేది అదే.