సరుకు పరిచయం: పి.వి.సి. పైపు బరువు చూసి మోసపోవద్దు

పైపు చేత్తో ఎత్తి చూసి, 'బరువుంది, మంచి సరుకే' అనుకోవడం వర్తకంలో మామూలు. పి.వి.సి. విషయంలో ఈ లెక్క ఒక్కొక్కప్పుడు తలకిందులవుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు పైపు తయారయ్యే తీరు తెలియాలి.

తయారీ విధానం

జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే, బిళ్లకు ఏ ఆకారపు చిల్లు ఉంటే జంతిక ఆ ఆకారంలో దిగుతుంది. ఎక్స్‌ట్రూడర్ సూత్రమూ ఇదే. సీసం గొట్టాలను ఇలా నొక్కి తీసే పద్ధతికి ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1797లోనే పేటెంటు పొందాడు. వైరుకట్ ఇటుకలకు తడిమట్టినీ ఇలాగే నెడతారు. పైపుల ఫ్యాక్టరీలో రెజిన్ పొడిని స్టెబిలైజరు వగైరాలతో కలిపి హాపర్‌లో పోస్తారు. వేడి బారెల్‌లో తిరిగే జంట మరలు దాన్ని కరిగించి ముందుకు నెడతాయి. వేడి సుమారు 170 నుంచి 200 డిగ్రీల సెల్సియస్. డై మధ్యనున్న కడ్డీ చుట్టూ సాగి వచ్చిన ముద్ద, నీటి తొట్టిలో చల్లబడి పైపు అవుతుంది.

కల్తీ ఎక్కడ?

యంత్రం ఏది పోస్తే దానికే ఆకారమిస్తుంది. రెజిన్ కన్నా ఎంతో చౌకైన సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, మోతాదు మించి కలిపినా పైపు నున్నగానే వస్తుంది. కాని పెళుసుబారుతుంది. దించేటప్పుడో, మోటారు ఒత్తిడికో పగిలితే రైతు వచ్చేది దుకాణానికే.

పి.వి.సి. సాంద్రత సుమారు 1.40, సుద్దపొడిది 2.7. అందుకే కల్తీ పెరిగిన కొద్దీ పైపు బరువెక్కుతుంది. ఐ.ఎస్. 4985 ప్రమాణం ప్రకారం పైపు సాంద్రత 1.40 - 1.46 మధ్య ఉండాలి.

ఒక లెక్క

బయటి వ్యాసం 110 మి.మీ., గోడ మందం 3.2 మి.మీ., పొడవు 6 మీటర్లు ఉన్న పైపు తీసుకుందాం. ప్రమాణం ప్రకారం దాని బరువు 9.0 - 9.4 కిలోలు ఉండాలి. 100 కిలోల రెజిన్‌కు 30 కిలోల సుద్దపొడి కలిపితే అదే పైపు సుమారు 10.1 కిలోలు తూగుతుంది. అందులో 2.3 కిలోలు సుద్దే. కిలోల లెక్కన కొనే వర్తకుడు ఆ సుద్దకు రెజిన్ ధర చెల్లించినట్లే. అదే కల్తీ పైపు సరిగ్గా 9 కిలోలు తూగితే గోడ పలచబడిందని అర్థం.

దుకాణంలోనే పరీక్ష

చిన్న ముక్క కోసి గ్రాముల్లో తూచండి. కొలజాడీ నీటిలో పూర్తిగా ముంచి, అంటుకున్న బుడగలు దులిపి, మట్టం ఎన్ని మిల్లీలీటర్లు పెరిగిందో చూడండి. గ్రాములను మిల్లీలీటర్లతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 146 గ్రాముల ముక్క నీటిని కనీసం 100 మిల్లీలీటర్లు పెంచాలి. పెరుగుదల అంతకు తగ్గితే సరుకు అనుమానాస్పదం.

కోసిన అంచునూ గమనించండి. గోడ ఒకవైపు మందంగా, మరొకవైపు పలచగా ఉంటే డైలో కడ్డీ కేంద్రం తప్పిందన్నమాట. గోధుమ రంగు చారలుంటే ముద్ద మాడిందన్నమాట.

మన దేశం పి.వి.సి. అవసరంలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. రెజిన్ ధర ఎగబాకినప్పుడు సుద్దపొడి వైపు చేయి చాచే వారుంటారు. మార్కెట్ పెరుగుతుండగా ఎవరైనా పాత ధరకే, పాత బరువుకే సరుకిస్తామంటే, ముందు గోడ మందం కొలవండి. ఆ తర్వాత ముక్కను నీటిలో ముంచండి.