సీసా పెట్రోలుతో బండి నడుస్తుందా?

పిల్లలూ, మోటారు సైకిల్‌కి పెట్రోలు ట్యాంకు ఎక్కడుంటుంది? సీటుకి ముందు, సరిగ్గా ఇంజనుకి పైన. పాత బళ్ళలో పెట్రోలు పంపు ఉండదు. పెట్రోలు దానంతట అదే కిందికి దిగాలి. ట్యాంకు అడుగున ఒక కుళాయి, దానికో పైపు, పైపు చివర కార్బొరేటర్. పెట్రోలునీ గాలినీ తగుపాళ్ళలో కలిపి ఇంజనుకి పంపడం కార్బొరేటర్ పని.

1969లో వచ్చిన హోండా సీబీ 750 బండికి నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బొరేటర్లు. నాలుగూ సమానంగా పనిచేయాలి. లేకపోతే "ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగింది" అని మన సామెత చెప్పినట్టే అవుతుంది, బండి వణుకుతుంది. వాటిని సరిచేయాలంటే ఇంజను స్టార్టయి ఉండాలి. కానీ సరిచేసే చోటు ట్యాంకు కిందే ఉంది! ట్యాంకు తీస్తే గానీ చెయ్యి పట్టదు, తీస్తేనేమో పెట్రోలు రాదు. మరెలా?

ఆసుపత్రిలో సెలైను ఎక్కించడం చూశారా? అలాగే మెకానిక్‌లు ఒక చిన్న సీసాలో కాస్త పెట్రోలు పోసి, కార్బొరేటర్ల కంటే ఎత్తుగా గట్టిగా వేలాడదీస్తారు. పైపు తగిలించి, మధ్యలో చిన్న కుళాయి పెడతారు. అంతే, ఆ కాసేపటికీ అదే ట్యాంకు.

ఇందులో ఒక తమాషా ఉంది. సీసా మూత బిర్రుగా బిగిస్తే కాసేపటికి ఇంజను ఆగిపోతుంది. సీసాలో పెట్రోలు ఉంది, పైపూ బాగానే ఉంది. అయినా ఎందుకు ఆగింది? ఒక స్ట్రా నీళ్ళలో ముంచి, పైన వేలితో మూసి ఎత్తి చూడండి. నీళ్ళు కారవు. వేలు తీస్తే కారిపోతాయి. పైనుంచి గాలి లోపలికి వెళ్తేనే కిందినుంచి నీళ్ళు బయటికొస్తాయి. అందుకే సీసా పైభాగంలో చిన్న బెజ్జం ఉండాలి. ట్యాంకులోకీ గాలి వెళ్ళే దారి ఒకటి ఉంటుంది, మనం గమనించం గానీ.

మన ఊళ్ళలో ఈ సీసాకి ఇంకో పని కూడా ఉంది. "బండి పెట్రోలు తాగేస్తోంది అన్నా!" అని ఎవరైనా వస్తే, మెకానిక్ సీసాలో 100 మిల్లీలీటర్లు కొలిచి పోసి, ఆగిపోయేదాకా నడుపుతాడు. 6 కిలోమీటర్లు వచ్చిందా, లీటరుకి 60 అన్నమాట. ఇక వాదనే ఉండదు. ఇప్పటి ఇంజెక్షన్ బళ్ళకి మాత్రం ఇలా వేలాడదీసిన సీసా చాలదు. వాటికి పంపు గట్టిగా నెట్టి పంపాలి.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేలమీద పాకుతుంది. గరాజ్ మూలలో గ్యాసు వాటర్ హీటర్ ఉంటే, దాని మంట దాకా పాకగలదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, ప్రాణం తీస్తుంది. మన ఊళ్ళో షెడ్డుకి చాలాచోట్ల ముందు తలుపే ఉండదు. ఇక్కడ చలికి మనం గరాజ్ తలుపు దించేస్తాం. అందుకని ఆ పని ఇక్కడ ఆరుబయటే చేయాలి, అదీ పెద్దవాళ్ళే. నాన్నగారో మావయ్యగారో గరాజ్‌లో బండి స్టార్ట్ చేస్తే, మీరు లోపలికి వెళ్ళకుండా బయటినుంచే చెప్పండి: "బండి బయటికి తీయండి!" పెద్దవాళ్ళకి చెప్పొచ్చా అని మొహమాటపడకండి.

కొత్త మాటలు
తగుపాళ్ళలో: ఎంత కావాలో అంత
చెయ్యి పట్టడం: చెయ్యి దూరేంత చోటు ఉండడం
బిర్రుగా: చాలా గట్టిగా
బెజ్జం: చిన్న రంధ్రం

మీ పని
1. "బండి పెట్రోలు తాగేస్తోంది" అంటే ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.
2. 100 మిల్లీలీటర్లకి 4 కిలోమీటర్లు వస్తే, లీటరుకి ఎన్ని?
3. స్ట్రా ప్రయోగం నీళ్ళతో మాత్రమే చేసి, ఏం జరిగిందో ఐదు వాక్యాలు రాయండి.
4. ఎద్దు, దున్న సామెత మీ ఇంట్లో ఎప్పుడు సరిపోతుందో అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్‌లో అడగండి.