పాత పంటుపై రెస్టారెంటు: ముందు అడుగు చూసుకోండి

ప్రశ్న: మా దగ్గర ఇసుక మోసిన పాత ఇనుప పంటు ఉంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరిలో దాన్ని రెస్టారెంటుగా మార్చాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పెయింటు, లైట్ల సంగతి తర్వాత. ముందు పంటును ఒడ్డెక్కించి, అడుగు రేకు మందాన్ని అల్ట్రాసోనిక్ గేజితో కొలిపించండి. నీటి అంచు తగిలే గీత వెంట తుప్పు ఎక్కువ తింటుంది, అక్కడ జాగ్రత్తగా చూడాలి.

అసలు సమస్య నిలకడ. సరుకు తొట్టి అడుగున కూర్చుంటుంది. మనుషులు, బల్లలు, పైకప్పు బరువంతా పైన పడుతుంది. సూర్యాస్తమయం చూద్దామని అందరూ ఒకే పక్కకు చేరితే పంటు ఒరుగుతుంది. అందుకే నేవల్ ఆర్కిటెక్టుతో ఒరుగుడు పరీక్ష చేయించి, అడుగున ఎంత బరువు వేయాలో లెక్కకట్టించండి. పై అంతస్తు ఆలోచన ఆ తర్వాతే.

ఇక వంటకు వాడే ఎల్పీజీ గాలికన్నా బరువైనది. లీకైతే అడుగు అరల్లో పేరుకుని, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. సిలిండర్లు బయట, గాలాడే డెక్ మీదే ఉంచండి. మురుగు ట్యాంకులోకి వెళ్లాలి, గోదాట్లోకి కాదు.

వరదకూ సిద్ధంగా ఉండాలి. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మీ కట్టుతాళ్లు, ఒడ్డుకు వేసిన వంతెన నీటితోపాటు లేచేలా ఉండాలి. వరద రోజుల్లో వ్యాపారం ఆపేయండి.

2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ సంగతి ముందే అధికారులతో తేల్చుకోండి. ఆ పత్రాలు చేతికి రాకుండా ఒక్క అతిథినీ ఎక్కించకండి.