లయకు రూపమిచ్చిన అన్నా బెస్సోనోవా

1984వ సంవత్సరం జూలై 28న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యాయి. రిథమిక్ జిమ్నాస్టిక్స్ అనే క్రీడకు ఒలింపిక్ వేదికపై చోటు లభించడం అదే ప్రథమం. నాటికి ఆ క్రీడలో సోవియట్ యూనియన్, బల్గేరియా దేశాలదే ఆధిపత్యం. కాని రాజకీయ కారణాలవల్ల ఆ రెండు దేశాలూ లాస్ ఏంజిలిస్ క్రీడలను బహిష్కరించాయి. తొలి స్వర్ణపతకం కెనడాకు చెందిన లోరీ ఫంగ్‌ను వరించింది. క్రీడలు ప్రారంభమైన మరునాడు, అంటే జూలై 29న, అప్పటికింకా సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉన్న ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఒక ఆడశిశువు జన్మించింది. ఆమే అన్నా బెస్సోనోవా. తాను పుట్టిన నాళ్లలోనే ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన క్రీడకు ఆమె తన బాల్యాన్నీ, యౌవనాన్నీ సమర్పించింది.

క్రీడలు ఆమెకు వారసత్వంగా సంక్రమించాయి. తండ్రి వొలొదిమిర్ బెస్సోనోవ్ కీవ్ నగరపు సుప్రసిద్ధ డైనమో జట్టులో ఫుట్‌బాల్ ఆటగాడు. సోవియట్ జట్టు తరఫున 1982, 1986, 1990 సంవత్సరాలలో ప్రపంచ కప్ పోటీలలో పాల్గొన్నాడు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో కాంస్యపతకం గెలుచుకున్న జట్టులో ఆయన సభ్యుడు. తల్లి విక్టోరియా సెరిఖ్ రిథమిక్ జిమ్నాస్టిక్స్ బృంద విభాగంలో రెండుసార్లు ప్రపంచ విజేత. తండ్రి ఆటలో బంతి వలలో పడితే గోలు. అందులో సందేహానికి తావు తక్కువ. తల్లి ఆటలో గెలుపోటములను నిర్ణయించేది న్యాయనిర్ణేతల కన్ను. కూతురు తల్లి దారినే ఎంచుకున్నది. ఆ ఎంపికలోని కాఠిన్యం ఎంతటిదో ఆమె క్రీడాజీవితం పొడవునా కనబడుతుంది.

ఈ క్రీడ స్వరూపాన్ని కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం. జిమ్నాస్టిక్స్ అనగానే మనకు కడ్డీలపై ఊగడం, గాలిలో పల్టీలు కొట్టడం స్ఫురిస్తాయి. అది వేరొక శాఖ. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో కడ్డీలు, దూలాలు ఉండవు. పదమూడు మీటర్ల పొడవు, పదమూడు మీటర్ల వెడల్పు గల తివాచీపై క్రీడాకారిణి ఒంటరిగా నిలబడుతుంది. బెస్సోనోవా కాలంలో చేతిలో తాడు, వలయం, బంతి, జంట క్లబ్బులు, రిబ్బను అనే ఐదు పరికరాలలో ఏదో ఒకటి ఉండేది. సంగీతం మొదలైన క్షణం నుండి ఒక నిమిషం పదిహేను సెకన్లకు తగ్గకుండా, నిమిషంన్నరకు మించకుండా ఆమె తన ప్రదర్శనను పూర్తి చేయాలి. బెస్సోనోవా పోటీపడిన రోజులలో ఆ సంగీతానికి మాటలు ఉండరాదన్న నియమం ఉండేది. అందువల్ల పాట చెప్పవలసిన భావాన్ని కూడా శరీరమే పలికించవలసి వచ్చేది.

పరికరాలు చూడటానికి ఆటవస్తువుల వలె కనబడతాయి. వాటిని లొంగదీసుకోవడం మాత్రం సామాన్యం కాదు. రిబ్బను పొడవు ఆరు మీటర్లు. సన్నని పుల్ల చివర అమర్చిన ఆ పట్టీ ప్రదర్శన సాగినంతసేపూ కదులుతూ, గాలిలో సర్పిలాలు, అలలు గీస్తూ ఉండాలి. మణికట్టు క్షణకాలం అలసినా రిబ్బను ముడిపడుతుంది. ముడిపడితే మార్కులు పోతాయి. బంతి బరువు కనీసం నాలుగు వందల గ్రాములు. దానిని వేళ్లతో బిగించి పట్టుకోరాదు. అరచేతిపై విశ్రాంతి తీసుకుంటున్నట్లు నిలుపుకోవాలి. క్లబ్బులను పైకి విసరి, అవి గాలిలో తిరుగుతూ ఉండగా తాను నేలపై దొర్లి లేచి, చూడకుండానే అందుకోవాలి. అవి తివాచీ గీత దాటి దొర్లిపోతే ఆ పరుగుకూ మూల్యం చెల్లించవలసిందే. ఇంత శ్రమా ముఖంపై కనబడరాదు. కష్టాన్ని దాచిపెట్టడమే ఈ క్రీడలో అన్నిటికంటె కష్టమైన విద్య అని చెప్పవచ్చు.

ఆ విద్యకు కీవ్ నగరం పెట్టింది పేరు. అల్బీనా దెర్యుగినా, ఆమె కుమార్తె ఇరీనా దెర్యుగినా నడిపిన శిక్షణాలయం నుండి తరతరాల విజేతలు వెలువడ్డారు. ఇరీనా స్వయంగా 1977లోను, 1979లోను ప్రపంచ విజేతగా నిలిచిన క్రీడాకారిణి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఒలెక్సాంద్రా తిమొషెంకో, కాంస్యం అందుకున్న ఒక్సానా స్కాల్దినా ఈ శిక్షణాలయానికి చెందినవారే. 1991లో ఉక్రెయిన్ స్వతంత్ర దేశంగా అవతరించింది. 1996 అట్లాంటా క్రీడలలో కటెరినా సెరెబ్రియాన్‌స్కా ఆ కొత్త దేశపు పతాకం కింద స్వర్ణపతకం సాధించింది. అప్పటికి అన్నాకు పన్నెండేళ్లు. తల్లీకూతుళ్లయిన ఆ ఇద్దరు శిక్షకుల వద్దనే ఆమె రూపుదిద్దుకున్నది. ఒలింపిక్ స్వర్ణం అసాధ్యమైన కలగా కాక, ఆ మందిరంలో శిక్షణ పొందినవారికి అందగల వస్తువుగా కనబడే వాతావరణంలో ఆమె పెరిగింది. అటువంటి వాతావరణం ఉత్సాహాన్ని ఇస్తుంది; అంతకు మించిన భారాన్నీ మోపుతుంది.

2001లో మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో పదిహేడేళ్ల అన్నా ఉక్రెయిన్ జట్టులో సభ్యురాలు. ఆ పోటీలలో మొదట పైచేయి రష్యాదే. తరువాత నిషిద్ధ ఔషధ పరీక్షల కారణంగా అలీనా కబయేవా, ఇరీనా చాష్చినాల ఫలితాలు రద్దు కావడంతో జట్టు స్వర్ణం ఉక్రెయిన్‌కు దక్కింది. అలా కాగితాలపై మారిన ఫలితం ద్వారా వచ్చిన పతకం, వేదికపై నిలబడి జాతీయగీతం వింటూ అందుకున్న పతకం ఒకే విధమైన తృప్తిని ఇస్తాయా అన్నది ఆలోచించవలసిన విషయం. రెండవ విధమైన తృప్తికి ఆమె ఎక్కువకాలం వేచి ఉండనక్కరలేకపోయింది. 2003లో బుడాపెస్ట్ నగరంలో వలయం, క్లబ్బుల విభాగాలలో రెండు స్వర్ణాలు సాధించింది. నాలుగు పరికరాల మార్కులనూ కలిపి లెక్కించే విభాగాన్ని ఆల్‌రౌండ్ అంటారు. ఈ క్రీడలో అసలైన కిరీటం అదే. అందులో ఆమె కబయేవా తరువాత రెండవ స్థానంలో నిలిచి రజతం పొందింది.

అప్పటికే ఆమె శైలి ప్రత్యేకతను సంతరించుకున్నది. పొడవైన అవయవాలు, ఒక కదలిక ముగియకముందే మరొకదానిలో లీనమయ్యే నైపుణ్యం, సంగీతంలోని చిన్న విరామాన్ని కూడా విడువక భావంగా మార్చే ముఖకవళికలు ఆమెను ఇతరుల నుండి వేరు చేశాయి. కొందరి ప్రదర్శనలో వరుసగా పేర్చిన కష్టతరమైన అంశాలు కనబడతాయి. ఆమె ప్రదర్శనలో ఒక కథ సాగుతున్నట్లు తోచేది. పరికరం ఆమె చేతిలో వస్తువుగా ఉండక ఆ కథలో పాత్రగా మారిపోయేది.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు ఆమె స్వర్ణానికి పోటీదారుగా వెళ్లింది. వయస్సు ఇరవై. అప్పటి నియమాల ప్రకారం ఒక్కొక్క ప్రదర్శనకు గరిష్ఠంగా ముప్పై మార్కులు. నాలుగు ప్రదర్శనలు ముగిసేసరికి కబయేవాకు 108.400, చాష్చినాకు 107.325, బెస్సోనోవాకు 106.700 మార్కులు వచ్చాయి. రష్యాకు స్వర్ణ రజతాలు, ఉక్రెయిన్‌కు కాంస్యం. మొదటి స్థానానికీ మూడవ స్థానానికీ నడుమ రెండు మార్కులైనా లేవు.

ఈ క్రీడలో ఇరవై ఏళ్లు దాటినవారిని అనుభవజ్ఞులుగా లెక్కిస్తారు. నడుము, తుంటి కీళ్లు, పాదాలు అంతకాలానికే ఎంతో అరిగిపోయి ఉంటాయి. ఒలింపిక్ పతకంతో గౌరవంగా తప్పుకున్నవారు ఎందరో ఉన్నారు. అన్నా తప్పుకోలేదు. ఏథెన్స్ తరువాత మార్కుల విధానం మారింది. ఒక్కొక్క ప్రదర్శనకు గరిష్ఠం ఇరవై మార్కులుగా నిర్ణయించి, వాటిని లెక్కించే పద్ధతిని కూడా సవరించారు. ఏళ్ల తరబడి శరీరానికి అలవాటైన కూర్పులను విప్పి, కొత్త లెక్కకు అనుగుణంగా తిరిగి అల్లుకోవలసి వచ్చింది. కబయేవా తరం తరువాత రష్యా నుండి ఒల్గా కప్రనోవా, వేరా సెసినా వంటి కొత్తవారు దూసుకువచ్చారు. 2005లో బాకూ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో కప్రనోవా స్వర్ణం గెలవగా, అన్నాకు ఆల్‌రౌండ్‌లో మళ్లీ రజతమే దక్కింది.

రెండవ స్థానం విచిత్రమైనది. ప్రపంచంలో ఒక్కరు తప్ప అందరికంటె తాను మెరుగని అది చెబుతుంది. ఆ ఒక్కరి పేరు పోటీ పోటీకీ మారుతూ ఉంటే, తన స్థానం మాత్రం కదలకుండా ఉంటే, ఆ మాటలోని ఓదార్పు క్రమంగా తరిగిపోతుంది. బుడాపెస్ట్‌లో కబయేవా, బాకూలో కప్రనోవా. ఇద్దరి పక్కనా నిలబడినది బెస్సోనోవాయే.

2007 సెప్టెంబరులో గ్రీసు దేశంలోని పత్రాస్ నగరం ప్రపంచ పోటీలకు వేదిక అయింది. తాడు, వలయం, క్లబ్బులు, రిబ్బను ఆ ఏటి పరికరాలు. మరుసటి సంవత్సరపు బీజింగ్ ఒలింపిక్స్ ప్రవేశాలు కూడా ఆ పోటీలతో ముడిపడి ఉండటంవల్ల ప్రతి దేశమూ తన ఉత్తమ క్రీడాకారిణులను పంపింది. నాలుగు ప్రదర్శనల మొత్తంలో ఈసారి అందరికంటె పైన ఉన్న పేరు అన్నా బెస్సోనోవా. సెసినాకు రజతం, కప్రనోవాకు కాంస్యం లభించాయి. మూడేళ్ల క్రితం గ్రీసు రాజధానిలో ఇద్దరు రష్యా యువతుల తరువాత నిలబడిన ఆమె, అదే దేశంలో ఇద్దరు రష్యా యువతుల నడుమ, ఎత్తైన మెట్టుపై నిలబడింది. ఇరవై మూడేళ్ల వయస్సులో, వరుసగా ఎదుగుతున్న తరాలను దాటుకొని సాధించిన విజయం అది. బాల్యంలోనే మెరిసి వెలిగినవారి విజయాలకంటె ఇటువంటి ఆలస్యపు విజయం విలువ ఎక్కువ అనిపించడం సహజం.

ఆ కిరీటంతో ఆమె 2008 ఆగస్టులో బీజింగ్ చేరింది. అక్కడ ఎదురైనది మరొక కొత్త తరం. సైబీరియాలోని ఓమ్‌స్క్ నగరానికి చెందిన పద్దెనిమిదేళ్ల యెవ్గేనియా కనాయెవా 75.500 మార్కులతో అందరినీ చాలా దూరం వెనుకకు నెట్టివేసింది. మిగిలిన పోటీ రెండవ స్థానానికి. బెలారుస్‌కు చెందిన ఇన్నా జుకోవా మొత్తం 71.925. బెస్సోనోవా మొత్తం 71.875. తేడా 0.050. ఒక మార్కులో ఇరవయ్యవ వంతు.

నాలుగు ప్రదర్శనలలో కలిపి ఇంచుమించు ఆరు నిమిషాలు తివాచీపై ఉన్న క్రీడాకారిణికి ఈ తేడా ఎక్కడ ఏర్పడి ఉంటుంది? వలయం చేతికి అందేటప్పుడు కలిగిన స్వల్పమైన తడబాటులోనో, పాదాగ్రంపై తిరిగేటప్పుడు మడమ ఒరిగిన క్షణంలోనో, ఒక న్యాయనిర్ణేత కంటికి కనబడి మరొకరి కంటికి కనబడని చిన్న వంపులోనో ఉండవచ్చు. పరుగుపందెంలో గడియారం ఉంటుంది, ఎత్తుదూకడంలో కడ్డీ ఉంటుంది. ఇక్కడ కొలబద్ద కూడా మనిషే. ఈ సంగతి ఎరిగినవారే ఈ క్రీడలోకి దిగుతారు. ఎరిగినంత మాత్రాన నొప్పి తగ్గదు. ప్రపంచ విజేతగా వచ్చిన ఆమె రెండవ ఒలింపిక్ కాంస్యాన్ని మెడలో వేసుకున్నది. 1980లో తండ్రి తెచ్చినది కాంస్యం, 2004లోను, 2008లోను కూతురు తెచ్చినవీ కాంస్యాలే.

లెక్కలను మరొక విధంగా కూడా చూడవచ్చు. ఏథెన్స్‌లో ఆమెకు ముందు నిలిచిన ఇద్దరూ బీజింగ్ తివాచీపై లేరు. బీజింగ్‌లో ముందు నిలిచిన ఇద్దరూ ఏథెన్స్‌లో పతక వేదిక ఎక్కినవారు కారు. రెండు ఒలింపిక్స్‌లోను ఆ వేదికపై కనబడినది ఆమె ఒక్కతే. నిబంధనలు మారినా, పరికరాలు మారినా, ప్రత్యర్థులు మారినా నాలుగేళ్లపాటు అదే శిఖరంపై నిలిచి ఉండటం స్వర్ణపతకం చెప్పలేని విశేషం. పతకాల పట్టికలో మాత్రం దానికొక గడి లేదు.

బీజింగ్ తరువాత కూడా ఆమె వెంటనే విరమించలేదు. 2009లో జపాన్‌లోని మియే ప్రాంతంలో జరిగిన ప్రపంచ పోటీలలో కనాయెవా, దార్యా కొందకోవాల తరువాత ఆల్‌రౌండ్ కాంస్యం అందుకున్నది. అప్పటికి వయస్సు ఇరవై అయిదు. 2010లో పోటీల నుండి తప్పుకున్నది.

2012 లండన్ ఒలింపిక్స్ వ్యక్తిగత విభాగంలో ఉక్రెయిన్‌కు పతకం రాలేదు. 2016లో రియో నగరంలో హన్నా రిజత్దినోవా కాంస్యపతకం సాధించింది. ఆమె కూడా దెర్యుగినా శిక్షణాలయపు విద్యార్థినియే. ఆ శిక్షణాలయానికి దశాబ్దాలపాటు పెద్దదిక్కుగా నిలిచిన అల్బీనా దెర్యుగినా 2023లో, తన తొంభై ఒకటవ ఏట కన్నుమూసింది.