ఆ కీర్తి న్యాయమైనదేనా?

ప్రశ్న: మాది మంచిర్యాల జిల్లా జైపూర్. మా బాపు సింగరేణిలో రిటైరయిండు. ఆయనకు ‘శంకరాభరణం’ పాటలే పాటలు. నేను రాక్ వింటాను. వాటికి అంత పేరు న్యాయమేనా?

జవాబు: చాలావరకు న్యాయమే. 1980లో వచ్చిన ఆ సినిమా కె.వి.మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరాం ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చింది. అవార్డులు పక్కన పెట్టి ‘శంకరా నాదశరీరాపరా’ హెడ్‌ఫోన్స్‌లో వినండి. మధ్యమావతిలో సాగే ఆ పాటలో బాలు గొంతు పైస్థాయికి లేచే తీరు మీ రాక్ గాయకులకు తీసిపోదు. పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్వని మనిషి పాడాడది! వేటూరి మాటల బలం సరేసరి.

అయితే ఆ సినిమా పాటల్నే కర్ణాటక సంగీతమనుకోవద్దు. ‘బ్రోచేవారెవరురా’ వంటి కీర్తనలు సినిమా నిడివికి కుదించినవి. కచేరీలో వింటే ఖమాస్ రాగం లోతు తెలుస్తుంది. సినిమాలో గిటార్ కుర్రాళ్లను కథానాయకుడు శాస్త్రిగారు ఓడించే సన్నివేశం మాత్రం నాకు నచ్చదు. వాళ్లను ముందే వెర్రివాళ్లుగా చూపించి, ఆపైన గెలవడం ఏం గెలుపు? ఆ ఒక్కచోట మీ పక్షమే నేను. బాపుతో మాత్రం ఈ మాట మెల్లగా చెప్పండి.