ఆట మానేసే ముందు యూనివర్సిటీని అడగండి

సిడ్నీలోని గిరావీన్‌లో పిల్లలు పదకొండో తరగతికి రాగానే చాలా తెలుగు ఇళ్లలో క్రికెట్ కిట్ గ్యారేజీకి చేరుతుంది. సెలెక్టివ్ పరీక్ష రాసి గిరావీన్ హైస్కూల్లో సీటు తెచ్చుకున్నవాళ్లు ఏటార్ (యూనివర్సిటీ ప్రవేశానికి చూసే ర్యాంకు) తప్ప ఇంకేమీ చూడకూడదని పెద్దల పట్టుదల. ఆడితే చదువు దెబ్బతింటుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. హైదరాబాద్‌లో డాక్టర్ల బిడ్డ వీవీఎస్ లక్ష్మణ్ కూడా మెడిసినా, క్రికెట్టా అని ఒక్కటే తేల్చుకోవాల్సి వచ్చింది. కానీ ఇక్కడి యూనివర్సిటీలు ఆ రెండింటికీ దారి ఇస్తున్నాయి.

జానా పిట్‌మన్‌ను చూడండి. 400 మీటర్ల హర్డిల్స్‌లో 2003, 2007 ప్రపంచ చాంపియన్. వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతున్న రోజుల్లోనే 2014 సోచి వింటర్ ఒలింపిక్స్‌లో బాబ్‌స్లెడ్‌లో పోటీపడ్డారు. తర్వాత డాక్టరయ్యారు. మన పక్కనే వెస్ట్‌మీడ్‌లో పుట్టిన ప్యాట్ కమిన్స్ 2011లో తొలి టెస్టు ఆడారు. గాయాలు వెంటాడి రెండో టెస్టు 2017 దాకా రాలేదు. ఆ ఖాళీని వృథా చేసుకోకుండా యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ సిడ్నీ (యూటీఎస్)లో బిజినెస్ డిగ్రీ చదివారు. గాయమైతే ఏం చేస్తావని అడిగే తల్లిదండ్రులకు ఇంతకన్నా మంచి జవాబు నాకు కనిపించలేదు.

ఆడే విద్యార్థి వెనకబడేది ఎక్కువగా తెలివి చాలక కాదు, టోర్నమెంటూ పరీక్షా ఒకే వారంలో పడటం వల్ల. యూనివర్సిటీల ఎలీట్ అథ్లీట్ ప్రోగ్రాములు సరిచేసేది దాన్నే. పరీక్ష తేదీ మార్చడం, అసైన్‌మెంట్ గడువు పెంచడం, కోర్సు భారం తగ్గించడం వంటివి వాటిలో ఉంటాయి. మార్కులు మాత్రం ఎవరూ కలపరు. కొన్ని యూనివర్సిటీలు ప్రవేశానికి అడ్జస్ట్‌మెంట్ పాయింట్లు ఇస్తాయి కానీ, లోపలికి వెళ్లాక అందరికీ ఒకే ప్రశ్నపత్రం.

ఇవి సాధారణంగా రాష్ట్ర, జాతీయ స్థాయి ఆటగాళ్లకే. కోచ్ లేదా క్రీడా సంఘం నుంచి లేఖ కావాలి. సెమిస్టర్ మొదటి వారంలోనే మ్యాచ్‌ల తేదీలు పెట్టి అడగండి. పరీక్ష ముందురోజు అడిగితే దాదాపు ఎవరూ వినరు. శనివారం క్లబ్ క్రికెట్ ఆడేవాళ్లయితే, ప్రాక్టీసుకు అడ్డురాని ట్యుటోరియల్ గంటలు ముందే పట్టుకోవాలి. భారం ఎక్కువనిపిస్తే సెన్సస్ డేట్ లోపే సబ్జెక్టు వదలండి, ఫీజు పడదు. ఆ తేదీ దాటితే డబ్బు పోతుంది.

ఇండియా నుంచి స్టూడెంట్ వీసాపై వచ్చినవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. సీఓఈ (కన్ఫర్మేషన్ ఆఫ్ ఎన్‌రోల్‌మెంట్)లో రాసిన గడువులోపు కోర్సు పూర్తి చేయాలి కాబట్టి, సబ్జెక్టు తగ్గించే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో మాట్లాడాలి. పిల్లలకు కోచింగ్, అంపైరింగ్ చేసి జీతం తీసుకుంటే ఆ గంటలు కూడా క్లాసులు నడిచే కాలంలో రెండు వారాలకు 48 గంటల పరిమితిలోకే వస్తాయి. రెజ్యూమెలో మాత్రం ఆ పని తప్పక రాయండి, ఏ జట్టుకు, ఎన్ని సీజన్లు అన్న వివరంతో.