పిల్లిని వదిలేస్తే తామర పోతుందా?

మీ చెల్లాయి మోచేతి మీద రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ వచ్చిందనుకోండి. అంచు కాస్త ఉబ్బి ఉంది. మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. దురద పెడుతోంది. వారం తిరిగేసరికి మచ్చ ఇంకా పెద్దదయింది. అమ్మ మీ పెంపుడు పిల్లిని ఎత్తి చూస్తే దాని చెవి వెనక బొచ్చు ఊడి, చుండ్రులాంటి పొట్టు కనిపించింది. "ఇది ఈ పిల్లి అంటించిన తామరే! గోనెసంచిలో వేసి ఏటి అవతల వదిలి రండి" అంటుంది బామ్మ. చెల్లాయి పిల్లిని పట్టుకుని ఏడుపు లంకించుకుంటుంది.

ఎవరి మాట సబబు? తీర్పు చెప్పేముందు అసలు తామర అంటే ఏమిటో చూద్దాం.

పురుగు లేని పురుగు జబ్బు

ఇంగ్లీషులో తామరను రింగ్‌వర్మ్ అంటారు. రింగ్ అంటే ఉంగరం, వర్మ్ అంటే పురుగు. చర్మంలో ఏదో పురుగు చుట్ట చుట్టుకొని ఉందని పూర్వం అనుకునేవారు. నిజానికి ఇందులో పురుగేమీ లేదు. తామరకు కారణం ఒక శిలీంధ్రం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే బూజు పడుతుంది చూడండి, దానికి ఇది దూరపు చుట్టం. పారిస్‌లో ఉండిన డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు 1840 తర్వాతి కొద్ది సంవత్సరాలలో రోగుల వెంట్రుకలను సూక్ష్మదర్శినితో పరీక్షించి ఈ సంగతి తేల్చాడు.

పిల్లులలో ఎక్కువగా తామర కలిగించే శిలీంధ్రం పేరు మైక్రోస్పోరమ్ కేనిస్. లాటిన్‌లో కేనిస్ అంటే 'కుక్కయొక్క' అని అర్థం. పేరేమో కుక్కది, కాపురం మాత్రం ఎక్కువగా పిల్లి మీద! వెంట్రుకలలో, గోళ్లలో, చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తు దాని ఆహారం.

మరి మచ్చ గుండ్రంగా ఎందుకుంటుంది? శిలీంధ్రం పడిన చోటినుంచి అన్నివైపులకూ పెరుగుతూ పోతుంది. శరీరం దానితో పోరాడుతుంది. మధ్యభాగంలో శరీరం గెలిచి చర్మం మానుతూ ఉంటే, అంచున శిలీంధ్రం ముందుకు సాగుతూనే ఉంటుంది. మనకు కనబడే ఎర్రని ఉంగరం ఆ పోరాటం జరుగుతున్న సరిహద్దు.

బామ్మకు జవాబు

శిలీంధ్రాలు సిద్ధబీజాల ద్వారా వ్యాపిస్తాయని మీరు పాఠాల్లో చదివి ఉంటారు. జబ్బుపడిన పిల్లినుంచి రాలిన వెంట్రుకల మీద ఈ సిద్ధబీజాలు ఉంటాయి. అవి దుప్పట్లకు, దిండ్లకు, కుర్చీలకు అంటుకుని, పొడిచోట ఏడాదికి పైగా కూడా బతకగలవు. పిల్లి ఏరు దాటినా అవి మీ ఇంట్లోనే ఉంటాయి! పైగా ఆ పిల్లి వెళ్లిన చోట ఇతర జంతువులకూ, పిల్లలకూ జబ్బు అంటుతుంది. కాబట్టి వదిలేయడం వైద్యం కాదు. పిల్లికి, చెల్లాయికి, ఇంటికి ఒకేసారి చికిత్స జరగాలి.

పిల్లిని పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. డాక్టరు చీకటిగదిలో అతినీలలోహిత కిరణాల దీపం వేసి చూడవచ్చు. ఈ శిలీంధ్రం పట్టిన వెంట్రుకలు చాలావరకు ఆకుపచ్చగా మెరుస్తాయి. మెరవనంతమాత్రాన జబ్బు లేదనలేం. అందుకని కొత్త పళ్ల బ్రష్షుతో బొచ్చు దువ్వి, దానికి అంటినదాన్ని ప్రయోగశాలలో పెంచి చూస్తారు.

చికిత్సలో నోటి మందు, దానితోపాటు వారానికి రెండుసార్లు మందునీళ్ల స్నానం ఉంటాయి. ఈ మందుల కథ తమాషాగా ఉంటుంది. గ్రిసియోఫల్విన్ అనే మందును 1939లో ఒక పెనిసిలియమ్ బూజునుంచే వేరుచేశారు. ముల్లును ముల్లుతో తీసినట్లు, శిలీంధ్రానికి శిలీంధ్రమే మందు ఇచ్చింది! ఇప్పుడు పిల్లులకు ఇట్రాకొనజోల్ ఎక్కువగా వాడుతున్నారు. బొచ్చు మొలవగానే మందు మానకూడదు. పరీక్షలో శిలీంధ్రం లేదని తేలేవరకు, వారాల తరబడి వాడాలి.

చెల్లాయిని చర్మవైద్యుడికి చూపించాలి. దుకాణంలో అడిగి ఏదో ఒక పూతమందు కొనకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద తగ్గినట్లే ఉంటుంది, శిలీంధ్రం మాత్రం ఇంకా విస్తరిస్తుంది.

ఇంట్లో రాలిన బొచ్చును రోజూ ఊడ్చి తీసేయాలి. పిల్లి పడుకున్న బట్టలు విడిగా ఉతకాలి. నేలను సబ్బునీళ్లతో కడగాలి. ఫినాయిలు మాత్రం వద్దు. అలాంటి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడినేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, దానికి విషమెక్కుతుంది.

గడప దాటని పిల్లికి టీకా ఎందుకు?

తామరకు టీకా లేదా అని మీరు అడగవచ్చు. పశువులకు ఉంది. పిల్లులకోసం తయారుచేసినవి మాత్రం జబ్బును నమ్మకంగా ఆపలేకపోయాయి. కాని అంతకన్నా ప్రమాదకరమైన జబ్బులకు మంచి టీకాలున్నాయి.

"మా పిల్లి బయటికే పోదు, దానికి టీకా దండగ" అంటారు కొందరు. పిల్లి బయటికి పోదు సరే, మీరు పోతారు కదా! పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బులో తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోయి, పిల్లికూనలు వాంతులు, విరేచనాలతో చనిపోతాయి. దాని వైరస్ చెప్పులకూ, బట్టలకూ అంటుకుని ఇంట్లోకి రాగలదు. నెలల తరబడి చావదు. ఇక రేబిస్ సంగతి. తలుపు సందులోంచి పిల్లి ఒక్కసారి జారుకుని, రేబిస్ ఉన్న జంతువు చేత కాటు తింటే చాలు. ఆ తర్వాత ప్రమాదం పిల్లికే కాదు, ఇంటిల్లిపాదికీ.

కూనలకు మొదటి టీకాలను ఒక్కసారితో సరిపెట్టరు. తల్లిపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు కూనను కాపాడుతూనే, టీకాను పనిచేయనీయవు. అవి ఏ వారంలో తరిగిపోతాయో ఒక్కో కూనకు ఒక్కోరకం. అందుకే 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేవరకు 3–4 వారాలకొకసారి వేస్తారు. రేబిస్ టీకా సాధారణంగా 12 వారాల తర్వాత. మళ్లీ ఎప్పుడు వేయించాలో డాక్టరు చెబుతారు.

ఒక్క సంగతి మరవకండి. ఏ పిల్లి కరిచినా, రక్కినా సబ్బుతో ధారగా పారే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు బామ్మకు ఏం చెబుతారు? పిల్లిని గెంటినంతమాత్రాన జబ్బు బయటికి పోదు. పిల్లిని లోపల ఉంచినంతమాత్రాన జబ్బు లోపలికి రాకపోదు. ఆ గోనెసంచిని మడిచి అటకమీద పెట్టి, పిల్లిని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి బయలుదేరండి.

ఆలోచించండి

1. పిల్లికి మందు వాడి, దుప్పట్లు ఉతకకపోతే ఏమవుతుంది?
2. తామర మచ్చ మధ్యలో మానుతున్నా అంచు ఎందుకు ఎర్రగా ఉంటుంది?
3. తల్లిపాలు బాగా తాగిన కూనకు 6వ వారంలో వేసిన టీకా ఒక్కటే ఎందుకు చాలదు?